సంతకం దాటిన చదువుకు గుర్తింపు ఎలా ఇప్పించాలి

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో అదే అట్టడుగు. నల్లగొండది 64.20. కొత్త జిల్లాల ప్రకారం చూస్తే జోగులాంబ గద్వాలలో సగం మందికి కూడా చదువు రాదు, అక్కడ 49.87 శాతమే. ఈ ఊళ్లలో సాయంత్రం పూట పలక పట్టుకుని కూర్చునే అక్కలకు, పెద్దమ్మలకు చదువు చెప్పే వాలంటీర్ల కోసం, గ్రామ సమాఖ్య (పొదుపు సంఘాల కూటమి) సహాయకులైన వీఓఏల కోసం, బడి టీచర్ల కోసం రాసింది ఇది. అక్షరాలు ఎలా నేర్పాలో ఇందులో లేదు. నేర్చుకున్నదాన్ని ఎలా కొలవాలి, ఎలా రాసిపెట్టాలి, సర్టిఫికెట్ దాకా ఎలా తీసుకెళ్లాలి అన్నదే ఉంది.

ముందు ఒక మాట. పరీక్ష మూడు గంటలది, చదువు ఆరు నెలలది. పరీక్ష నాడు ఒక కాగితం మీద కనిపించేదే ఆమె చదువంతా అనుకుంటే చాలామందికి అన్యాయం జరుగుతుంది. ఆరు నెలల చదువుకు ఒక నోటుబుక్కు సాక్ష్యంగా ఉండాలి. మిగతా మెట్లన్నీ ఆ నోటుబుక్కు చుట్టూనే తిరుగుతాయి.

ఏ గుర్తింపు ఎంతవరకు పనికొస్తుంది

ఇప్పుడు నడుస్తున్నది ఉల్లాస్, అంటే 2022 నుంచి 2027 వరకు పెట్టిన నవ భారత సాక్షరతా కార్యక్రమం. 15 ఏళ్లు దాటి, బడికి పోనివాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. ఇందులో పెట్టే ప్రాథమిక అక్షరాస్యత, సంఖ్యాజ్ఞాన పరీక్ష 150 మార్కులకు ఉంటుంది: చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. ఒక్కోదాంట్లో కనీసం 33 శాతం, అంటే 17 మార్కులు రావాలి. లెక్కల్లో 45 తెచ్చుకున్నా రాతలో 10 వస్తే కుదరదు. చాలా ఊళ్లలో దెబ్బ తగిలేది ఇక్కడే, ఎందుకంటే మనవాళ్లు లెక్కలో గట్టివాళ్లు, రాతలో మెత్తన.

ఈ సర్టిఫికెట్ ఏ తరగతికీ సమానం కాదని మొదటి రోజే చెప్పండి. పదో తరగతి కాగితమని ఆశపెడితే ఆ ఆశ విరిగిన రోజు ఆమె మళ్లీ పుస్తకం ముట్టదు. తరగతికి సమానమైన గుర్తింపు వేరే ఉంది. ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) నడిపే ప్రాథమిక విద్యలో ఎ స్థాయి మూడో తరగతికి, బి స్థాయి ఐదుకు, సి స్థాయి ఎనిమిదికి సమానం. ఆ తర్వాతిది ఓపెన్ టెన్త్.

మొదటి వారం: కళ్లు, భాష, పాత చదువు

అక్షరం చూపించే ముందు కళ్లు చూడండి. 40 దాటినవాళ్లకు దగ్గరి చూపు మందగించడం మామూలు. పుస్తకాన్ని చెయ్యంత దూరం జరిపి చూసినా, వెలుతురు కోసం గడప దగ్గరికి పోయినా, 'ప', 'వ', 'మ' మూడూ ఒకటే అన్నా అది చదువు రాకపోవడం కాకపోవచ్చు. 2018లోనూ 2023లోనూ కంటి వెలుగు శిబిరాల్లో ఇచ్చిన అద్దాలు చాలా ఇళ్లల్లో దాచిపెట్టి ఉన్నాయి, తెచ్చుకోమనండి. లేనివాళ్లను పీహెచ్‌సీకి పంపండి. అద్దాలు లేకుండా చేసిన మొదటి అంచనా ఎందుకూ పనికిరాదు.

రెండోది భాష. దేవరకొండ వైపు తండాల్లో ఇంటి మాట లంబాడీల గోర్‌బోలి. మహబూబ్‌నగర్ పట్నంలో ఉర్దూ ఉంటుంది, నారాయణపేట వైపు కన్నడం కలుస్తుంది. ప్రశ్న తెలుగులో అర్థంకాక జవాబు రాకపోతే అది చదువు లోటు కాదు. మొదటి అంచనాలో ప్రశ్నను ఇంటి మాటలో అడగండి, జవాబును కూడా ఇంటి మాటలోనే చెప్పనివ్వండి. అప్పుడు రెండు వేర్వేరు విషయాలు తేలతాయి: ఆమెకు ఏం తెలుసు, తెలుగు అక్షరంలో ఎంత పెట్టగలదు.

మూడోది, పాత కాగితం ఏమైనా ఉందేమో అడగండి. 2009 నుంచి 2018 వరకు నడిచిన సాక్షర భారత్‌లో పరీక్ష రాసి ఎ, బి గ్రేడు సర్టిఫికెట్లు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. వాడకం లేక మరిచిపోయి ఉంటారు. వాళ్లను 'అ' దగ్గర కూర్చోబెట్టకండి, చిన్నతనంగా అనిపించి రెండో రోజు రారు. గుణింతాలతో మొదలుపెడితే నెలలోపే పాతది తిరిగొస్తుంది.

సంతకం వచ్చినంత మాత్రాన అక్షరాలు వచ్చినట్టు కాదు. చాలామంది తమ పేరును ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నారు. దాన్ని ఇలా పట్టుకోవచ్చు. 'ఎల్లమ్మ' అని సంతకం చేసే ఆమెను అవే అక్షరాలతో 'అమ్మ', 'మల్ల', 'ఎల్ల' రాయమనండి. 'అ' ఒక్కటే కొత్తది, కావాలంటే అది మీరే రాసివ్వండి. రాసిందంటే ఒత్తు తెలుసు, అక్షరం తెలుసు. ఆగిపోయిందంటే పేరు బొమ్మగా గుర్తుంది, అక్షరంగా కాదు. దాన్ని తప్పుగా చెప్పకండి. ఆ బొమ్మలోంచే అక్షరాలు విడదీసి అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టండి.

ఒక్కొక్కరికి ఒక నోటుబుక్కు

నలభై పేజీల నోటుబుక్కు చాలు. అట్టమీద పేరు, ఊరు, మొదలుపెట్టిన తేదీ ఉండాలి. మొదటి పేజీలో ఆమె ఎందుకు వచ్చిందో ఆమె మాటల్లోనే రాయండి. "సంఘం పుస్తకంల నా పైసలు నేనే సూసుకోవాలె", "బొంబాయిల ఉన్న కొడుకు మెసేజి నేనే సదవాలె" లాంటివి. తర్వాత పాఠాలు ఎంచుకునేది దీన్ని బట్టే. ఊరందరికీ ఒకే లక్ష్యం రాస్తే ఆ పేజీ దండగ.

తర్వాతి పేజీల్లో నైపుణ్యాల పట్టిక గీయండి. ఒక్కో వరుసకు ఒక్క పని, అదీ కంటికి కనిపించే పని. 'చదవడం వచ్చు' అని రాయకండి. 'బస్సు బోర్డు మీద మిర్యాలగూడ, దేవరకొండ, హాలియా గుర్తుపట్టి చదివింది' అని రాయండి. ఎదురుగా మూడు గడులు: సాయంతో చేసింది, సాయం లేకుండా చేసింది, మరో రోజు మళ్లీ చేసింది. మూడో గడి నిండితేనే ఆ పని వచ్చినట్టు లెక్క. రెండో గడికి, మూడో గడికి మధ్య కనీసం వారం రోజులు ఉండాలి. నేర్పిన సాయంత్రమే అడిగితే అందరూ చెబుతారు, వారం తర్వాత నిలిచిందే చదువు.

ఇంగ్లండ్‌లో పరీక్షలు లేని వయోజన తరగతులకు ఇలాంటిదే ఐదు మెట్ల పద్ధతి వాడతారు, రార్పా అంటారు. తరగతి ఉద్దేశం చెప్పడం, మొదట్లో ఎక్కడున్నారో చూడటం, ఒక్కొక్కరికి తగిన లక్ష్యాలు పెట్టుకోవడం, మధ్యమధ్యలో గుర్తించి రాసిపెట్టడం, చివర్లో కలిసి కూర్చుని చూసుకోవడం. మన సెంటర్లలో మొదటిది, ఆఖరిది జరుగుతాయి. నడుమ మూడూ ఎగిరిపోతాయి.

నోటుబుక్కు వెనక నాలుగు నమూనాలు అతికించండి: మొదటి వారం రాసింది, 60 గంటల దగ్గర రాసింది, 120 దగ్గర, 180 దగ్గర. ప్రతిదాని మీద తేదీ వేసి, చూచిరాతా, చెప్పి రాయించిందా, సొంతంగా రాసిందా తప్పకుండా రాయండి. ఈ మూడూ కలిసిపోతే నమూనాకు విలువ ఉండదు. చక్కని చూచిరాత పేజీ చూసి రాత వచ్చేసిందని మోసపోవడం అందరికంటే ముందు మనకే జరుగుతుంది.

గంటల లెక్క, పనుల కాలం

ప్రాథమిక చదువుకు పెట్టుకోవలసిన సమయం 200 గంటలు. రోజుకు గంటన్నర, వారానికి ఐదు రోజులంటే వారానికి ఏడున్నర గంటలు, మొత్తం 27 వారాలు. కానీ మన దగ్గర 27 వారాలు వరసగా దొరకవు. వానకాలం నాట్లు, ఆ తర్వాత పత్తి ఏరుడు, మళ్లీ యాసంగి నాట్లు. పాలమూరు వైపు వలసపోయేవాళ్లు దీపావళి తర్వాత ఊళ్లోనే ఉండకపోవచ్చు. అందుకే హాజరు పట్టికలో రోజులు కాకుండా గంటలు రాయండి. పత్తి కాలంలో వారానికి రెండు రోజులే కూర్చున్నా ఆ మూడు గంటలు లెక్కలోకి రావాలి. వలస పోయేవాళ్ల చేతికి నోటుబుక్కు ఇచ్చి పంపండి, ఫొటో తీసి మీ దగ్గర పెట్టుకోండి. తిరిగొచ్చిన వారంలో పట్టికలోని ఐదు పనులు మళ్లీ చేయించి, ఎక్కడ జారిందో అక్కడి నుంచి ఎత్తుకోండి.

చదవడం ఎలా చూడాలి

వాచకంలో ముప్పై సార్లు చదివిన పాఠాన్ని అంచనాకు వాడకండి, కంఠస్థమై ఉంటుంది. ఎప్పుడూ చూడని నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాల్లో రాసివ్వండి. ఇంట్లో దొరికే కాగితాలు ఇంకా మంచివి: ఆర్టీసీ జీరో టికెట్టు మీద ఎక్కిన ఊరు, దిగే ఊరు. గోళీల పట్టీ మీద గడువు తేదీ. బ్యాంకు పాసుబుక్కులో ఆఖరి వరుస. పైకి చదివించాక ఒక ప్రశ్న అడగండి. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, ఏం చదివారో చెప్పలేకపోతే గడి నింపకండి. నెమ్మదిగా చదివినా విషయం చెబితే నింపండి. వేగానికి మార్కులు లేవు.

రాత

తేలికగా తప్పయ్యేది ఒత్తులు, గుణింతాల దగ్గర. దానికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. ఆమె 'వడ్లు అమ్మినం' అని రాస్తే 'ధాన్యం విక్రయించాము' అని దిద్దకండి. ఆమె రాసిందాంట్లో ఒక్క తప్పూ లేదు, అది మన మాట. దిద్దాల్సింది 'వడ్లు'లో ఒత్తు పోయి 'వడలు' అయినప్పుడు. ఎర్ర ఇంకు వాడొద్దు. ఒక పేజీలో రెండు తప్పులకన్నా ఎక్కువ చూపించొద్దు. పరీక్షకు అవసరమయ్యే రాత ఇంతే: తన పేరు, ఇంటివాళ్ల పేర్లు, ఊరు, మండలం, జిల్లా, తేదీ, చెప్పిన పదాలు, చిన్న చిన్న వాక్యాలు. చిన్న దరఖాస్తు రాయగలిగితే ఇంకా మేలు.

లెక్కలు: నోటికి వచ్చింది కాగితం మీదికి

ఇక్కడ కాసేపు ఆగాలి. పత్తి ఏరే అక్కను అడగండి: కిలోకు 12 రూపాయలు, 46 కిలోలు ఏరితే ఎంత? "పది కిలోలకు నూటిరవై, నలభైకి నాలుగొందల ఎనభై, ఆరుకు డెబ్బైరెండు, మొత్తం ఐదొందల యాభై రెండు." కాగితం లేకుండా జవాబు వచ్చేసింది. ఇప్పుడు దాన్ని రాయమనండి. చాలామంది 500502 అని రాస్తారు. ఐదొందలు 500, యాభై 50, రెండు 2, విన్నది విన్నట్టు పక్కపక్కన పెట్టేశారు. నూట ఐదును 1005 అని రాయడం కూడా ఇదే తప్పు.

దీన్ని లెక్క రాకపోవడంగా రాసుకోకండి. పట్టికలో రెండు వరుసలు పెట్టండి: 'నోటితో గుణకారం' గడి నిండినట్టే, 'మూడంకెల సంఖ్య రాయడం' గడి ఇంకా నిండలేదు. రెండూ కలిపి సున్నా వేస్తే ఆమెకున్న తెలివిని మనమే తుడిచేసినట్టు.

దిద్దేది ఇలా. నేల మీద సుద్దముక్కతో మూడు గడులు గీయండి: నూర్లు, పదులు, ఒకట్లు. ఐదు వంద నోట్లు, ఐదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఆ గడుల్లో పెట్టించండి. ఒక్కో గడిలో ఎన్ని కాగితాలు ఉన్నాయో ఆ అంకె ఒక్కటే కింద రాయించండి: 5, 5, 2. తర్వాత పదుల గడి ఖాళీగా పెట్టి నూట ఐదు చేయించండి. ఖాళీ గడికి గుర్తే సున్నా అని అప్పుడు తెలుస్తుంది. అంకెలు 1, 2, 3 లలోనే నేర్పండి, పాసుబుక్కులోనూ ఫోనులోనూ అవే ఉంటాయి.

తర్వాతి మెట్టు వడ్డీ. 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు రెండు రూపాయలని అందరికీ తెలుసు. ఏడాదికి 24 శాతం అవుతుందని మాత్రం బ్యాంకు కాగితం పక్కన పెట్టి చూపిస్తేగానీ తట్టదు. 15,000 అప్పుకు ఐదు నెలల వడ్డీ: నెలకు 300, ఐదు నెలలకు 1,500. దీన్ని సంఘం పుస్తకంలో ఉన్నట్టే తేదీ, అసలు, వడ్డీ, నిల్వ గడుల్లో రాయించండి. ఆ ఒక్క పేజీ నోటుబుక్కులో ఉంటే లెక్కలకు అంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

వడ్లు అమ్మిన ఇంటివాళ్లకు కొనుగోలు కేంద్రం చిట్టీ చూపించండి. 62 బస్తాలు, బస్తాకు 40 కిలోలు, అంటే 2,480 కిలోలు, 24 క్వింటాళ్ల 80 కిలోలు. కిలోలను క్వింటాళ్లుగా మార్చడం దాకా చేత్తో చేయించండి. 2025-26లో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. దాంతో గుణించడం ఫోను కాలిక్యులేటర్‌తో చేయించి, 59,247 రూపాయలు దగ్గరగా ఉందా లేదా అని నోటితో సరిచూడమనండి: 'ఇరవై ఐదు క్వింటాళ్లకు అరవై వేలు దాటదు, సరిపోయింది.' ఈ అంచనా కట్టడం కూడా నైపుణ్యమే, పట్టికలో దానికో వరుస పెట్టండి. గడియారం, క్యాలెండర్, లీటరు, మీటరు ఒక్కో సాయంత్రంలో అయిపోతాయి.

పేరు నమోదు

ఉల్లాస్ యాప్‌లో పేరు ఎక్కించేటప్పుడు ఆధార్ ఎదురుగా పెట్టుకోండి. నోటితో చెబితే వినికిడి మీద రాయొద్దు. మన దగ్గర ఒకే మనిషికి ఆధార్‌లో ఇంటిపేరు ముందు, రేషన్ కార్డులో వెనక, బ్యాంకులో అసలు లేకుండా ఉంటుంది. సర్టిఫికెట్ మీద ఏది పడాలో ఆమెతో చదివించి ఒప్పించుకోండి. రేపు ఓపెన్ స్కూలుకు పోయినప్పుడు తేడా ఉంటే తిరగలేక చదువు మానేస్తుంది. ఆధార్‌లోనే తప్పుంటే పరీక్షకు ముందే ఆధార్ కేంద్రంలో దిద్దించుకోవాలి. తొందరలో ఒకరి ఫొటో ఇంకొకరికి ఎక్కడం కూడా జరుగుతుంది, రోజూ రాత్రి ఒకసారి సరిచూసుకోండి.

నమూనా పరీక్ష, అసలు పరీక్ష

పరీక్షకు మూడు వారాల ముందు పూర్తి నమూనా పరీక్ష పెట్టండి, అదీ బడిలో, బెంచీ మీద, మూడు గంటలు. ఇంటి అరుగు మీద గలగలా చదివే ఆమె బెంచీ మీద కూర్చోగానే చెమటలు పట్టి పెన్ను పట్టలేకపోవడం ఉంటుంది. ఆ భయం నమూనాలోనే తీరాలి. పెన్సిలుకు అలవాటైనవాళ్లకు నెల ముందు నుంచే పెన్ను ఇవ్వండి. గడుల్లో రాయడం, జత కలపడం, ఖాళీ నింపడం లాంటి ప్రశ్నల తీరు చూపించండి. ప్రశ్న తీరు తెలియక పోయే మార్కులు చదువు రాక పోయినవి కావు.

నమూనాలో ఏ భాగంలోనైనా 22 కన్నా తక్కువ వస్తే మిగిలిన మూడు వారాలు ఆ భాగానికే ఇవ్వండి. 17 అంచున ఉన్నవాళ్లు అసలు రోజు కంగారులో మూడు నాలుగు మార్కులు జారిపోతారు.

పరీక్ష రోజు గుర్తింపు కార్డు, అద్దాలు, రెండు పెన్నులు, మంచినీళ్లు మరిచిపోవద్దు. పాలు తాగే బిడ్డ ఉన్నవాళ్ల పక్కన ఇంటివాళ్లు ఒకరు ఉండేలా ముందురోజే మాట్లాడండి. ప్రశ్న అర్థంకాకపోతే చదివి వినిపించవచ్చా అన్నది అక్కడి ఇన్విజిలేటర్‌ను ముందే అడగండి.

ఆమె బదులు కూతురో మనుమడో రాయడం, వాలంటీరు చెయ్యి పట్టి రాయించడం ఎక్కడా జరగనివ్వకండి. ఊరికి లక్ష్యం పూర్తయిందన్న పేరు వస్తుంది, నిజమే. కానీ ఆ కాగితంతో ఆమె అక్షరాస్యురాలిగా లెక్కలోకి ఎక్కి, మళ్లీ ఎవరూ నేర్పడానికి రాని జాబితాలో చేరిపోతుంది. చదువు అందనే లేదు, అందే దారీ మూసుకుపోతుంది. తయారుకానివాళ్లను ఈసారికి ఆపి, వచ్చే పరీక్షకు పంపడమే మేలు.

ఫలితం వచ్చాక

'మెరుగుపడాలి' అని ఫలితం వచ్చినవాళ్లు, అంటే మార్కులు సరిపోనివాళ్లు, మళ్లీ రాయవచ్చు. వాళ్ల ఇంటికి మీరే వెళ్లి, నోటుబుక్కు తెరిచి, మొదటి వారం పేజీ, ఆఖరి పేజీ పక్కపక్కన చూపించండి. 'తప్పినవ్' అన్న మాట ఎవరి నోటా రానీయకండి. ఏ భాగంలో ఎన్ని మార్కులు కావాలో చెప్పి, ఆ వారమే తరగతి తేదీ చెప్పండి.

నెగ్గినవాళ్లకు సర్టిఫికెట్ ఇచ్చే రోజు గ్రామ సమాఖ్య మీటింగులో ఒక చిన్న పని అప్పగించండి. కిందటి నెల తీర్మానం వాళ్లలో ఒకరు చదవాలి, ఆ రోజు పొదుపు లెక్క ఇంకొకరు రాయాలి. ఊరి ముందు చేసి చూపించిన చదువును ఎవరూ కాదనలేరు. వేలిముద్ర వేసే అలవాటు కూడా ఆ రోజే మాన్పించండి: బ్యాంకులో సంతకం మార్పు ఫారం తెచ్చి, అక్కడే నింపించండి.

చేతిపని ఉన్నవాళ్లకు, ముఖ్యంగా మేస్త్రీ పని, కుట్టుపని చేసేవాళ్లకు ముందస్తు నైపుణ్యాల గుర్తింపు వేరే ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. కేంద్రం కౌశల్ వికాస్ యోజనలో అది ఒక భాగం. దానికి ఈ సర్టిఫికెట్‌తో పనిలేదు, కానీ కొలతలు చదవడం వస్తే ఆ పరీక్ష తేలికవుతుంది.

చదువు సాగించాలనుకుంటే తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో టెన్త్‌కు 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. స్టడీ సెంటర్ ఎక్కడుందో మీ మండలంలోని ప్రభుత్వ హైస్కూల్లో అడగండి. కానీ ప్రాథమిక పరీక్ష నెగ్గిన మరుసటి నెలే టెన్త్ ఫీజు కట్టించకండి. ఆ రెండింటి మధ్య చాలా దూరం ఉంది. ముందు ఐదో తరగతి తెలుగు వాచకం, లెక్కల పుస్తకం చేతికివ్వండి. వారంలో ఒక పాఠం ఎవరి సాయం లేకుండా చదివి, అందులోంచి ఐదు వాక్యాలు సొంతంగా రాయగలిగిన రోజు దరఖాస్తు తీసుకురండి. అదే నోటుబుక్కులో కొత్త పేజీ తెరిచి, పైన ఆ తేదీ వేయండి.